కీలు మార్పిడి పిమ్మట కాలి సిరలలో రక్తగమనము – గాలి తొడుగుల ప్రయోజనము

నేను తెలుగు పాఠము చెప్పుకొని బ్రదుకువాడను. వైద్యశాస్త్రమున నాకు అధికారము లేదు. అట్టి నేను ఈ సంచికకు ఛందస్సును గూర్చియో, మా హోసూరు ప్రాంతపు జానపద గేయములను గూర్చియో వ్రాయక, మోకాటి శస్త్రచికిత్సను గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కావున కారణము మొదటనే విన్నవించుకొందును.

2019వ సంవత్సరమున మా తల్లిగారికి కుడి మోకాలు మార్పించితిమి. హోసూరునుండి బెంగుళూరు ఇంచుమించు 40 కిలోమీటర్లు. మాబోటివారు పెద్ద వైద్యమునకు అచటికే పోవుట వాడుక. శస్త్రచికిత్స చక్కగా జరిగినది. ఆ సాయంకాలము ఆమె రెండు పిక్కలకును గుడ్డతో చేసిన తొడుగులు చుట్టి, వానికి సన్నని గొట్టములు తగిలించి, మంచపు కాలికడ నుంచిన యొక చిన్న యంత్రమునకు కలిపిరి. నర్సు మొదట కన్నడమునను, పిదప ఇంగ్లీషునను ఏదో చెప్పినది. మా తల్లిగారు తల యాడించిరి. మఱునాడుదయమున చూడగా తొడుగులు రెండును మడత పెట్టబడి బల్లమీద నున్నవి. రాత్రి మా చెల్లెలిచేత ఆమె వానిని విప్పించుకొనిరి.

“బుస్సుమంటా కాలు పట్టి పట్టి ఇడుస్తా ఉంది నాయనా, నిద్దర పడితే కదా! నర్సమ్మ వచ్చే పొద్దుకి మళ్ళా చుట్టుకుంటాలే” అని ఆమె నవ్విరి. నేనును నవ్వితిని. రెండవ రాత్రియు అట్లే జరిగినది. ఆ యంత్రము పనియేమో మా ముగ్గురిలో నెవ్వరికిని తెలియదు. అడిగి తెలిసికొనవలెనని చదువుకొన్నవాడనైన నాకును తోచలేదు.

ఇంటికి వచ్చిన కొన్నినాళ్ళకు ఆమె కుడిపిక్క వాచి, ముట్టుకొన్న నొప్పి పెట్టసాగెను. శస్త్రచికిత్స వాపే యని తలచి, బంధువు లొకరు ఆముదము రాచి పిసుకబోయిరి. అదృష్టవశమున ఆనాడే వైద్యునికడకు పోయితిమి. స్కానింగు తీయగా పిక్కలోని సిరలో రక్తము గడ్డకట్టియున్నదని తేలినది. మూడు నెలలు మందులు వాడిన పిమ్మట ఆమె స్వస్థురాలయ్యెను. తొడుగులు విప్పుటవలననే ఆ గడ్డ ఏర్పడినదని నేను చెప్పజాలను. నియమము తప్పక ధరించినవారికిని అది రావచ్చును. కాని ఆనాడు వైద్యుడు, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో, కాగితముమీద గీతలు గీసి, ఆ తొడుగుల పని యేమో పదినిమిషములలో మాకు బోధపఱచెను. ఆ పదినిమిషముల మాట మొదటి రాత్రియే మాకు తెలిసియుండినచో మా తల్లిగారు వానిని విప్పియుండరు. ఆ మాటనే, తరువాత చదివి తెలిసికొన్న విషయములతో కూర్చి, మనవారి కొఱకు ఇచట వ్రాయుచున్నాను.

రక్తము పైకెక్కు తీరు

గుండెనుండి రక్తము ధమనుల ద్వారమున కాలికి దిగివచ్చును. సిరల ద్వారమున మరల గుండెకు చేరును. దిగుటకు గుండె తోపుడు కలదు. ఎక్కుటకో? నిలుచున్న మనుజుని పాదమునకును గుండెకును నడుమ నాలుగడుగుల ఎత్తున్నది. సిరలోనికి వచ్చునప్పటికి గుండె తోపుడు చాలవఱకు వ్యయమైపోవును.

ఈ సమస్యకు శరీరము రెండు ఉపాయములు చేసికొన్నది. మొదటిది కవాటములు. ఇటలీ దేశమున పాదువా నగరపు ఆచార్యుడైన ఫాబ్రీషియస్, సిరల లోపల చిన్న తలుపులవంటి పొరలు గలవని 1603లో గ్రంథస్థము చేసెను. అవి రక్తమును పైకి పోనిచ్చునేగాని క్రిందికి రానీయవు. కమ్మరి కొలిమితిత్తిలోని తోలుతలుపు గాలిని ఒక దిక్కునకే పోనిచ్చునట్లే యిదియు. ఆ కవాటముల అంతరార్థమును గ్రహించి, రక్తము దేహమున చుట్టి తిరుగుచున్నదని నిరూపించినవాడు ఆయన శిష్యుడైన విలియం హార్వే. ఆ గ్రంథము 1628లో వెలువడినది.

రెండవ ఉపాయము పిక్క. అడుగు వేసినపుడెల్ల పిక్క కండరము బిగిసి, తన లోపలి సిరలను పిండును. పిండిన రక్తము కవాటములను దాటి పైకెక్కును. కండరము సడలగానే, ఖాళీయైన సిరలు క్రిందినుండి వచ్చు రక్తముతో మరల నిండును. అరికాలిలోని సిరలును ఇట్లే, పాదము నేల నూనినపుడు పిండబడును. కదలక నిలుచున్నవాని చీలమండకడ సిరలోని ఒత్తిడి ఇంచుమించు 90 మిల్లీమీటర్లుండును. నాలుగడుగులు నడచినంతనే అది 30కి లోపడును. (రక్తపోటు 120, 80 అని మనము చెప్పుకొను అంకెలును ఈ పాదరసపు మిల్లీమీటర్లే.)

మా ప్రాంతపు పెద్దలు ఏతము నెఱుగుదురు. ఏతపుమ్రానుమీద మనుష్యుడు ముందునకు వెనుకకు నడచినంతసేపు బావినీరు గట్టున పడుచుండును. అతడు నిలిచిన నీరును నిలుచును. మన కాలిలోనిదియు అట్టి ఏతమే. దానిని త్రొక్కునది మన నడక.

శస్త్రచికిత్సలో జరుగునది

రక్తము సిరలో ఏల గడ్డకట్టును? 19వ శతాబ్దిలో జర్మనుదేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో ఊపిరితిత్తులలో కనబడు గడ్డలు అచట పుట్టినవి కావనియు, దూరపు సిరలలో పుట్టి, తెగి, రక్తముతో కొట్టుకొని వచ్చినవనియు చూపెను. గడ్డ ఏర్పడుటకు మూడు కారణములను నేటి వైద్యులు ఆయన పేరనే చెప్పుదురు: రక్తగమనము మందగించుట, సిర గోడకు దెబ్బ తగులుట, గడ్డకట్టు గుణము రక్తమున హెచ్చుట.

కీలు మార్పిడిలో ఈ మూడును ఒక్కసారే సంభవించును. మోకాటి శస్త్రచికిత్సలో పలుమారు తొడకు బిగువుపట్టీ వేసి రక్తమును ఆపుదురు. తుంటి శస్త్రచికిత్సలో కాలిని మెలిత్రిప్పి పట్టునపుడు తొడసిర మడతపడి, అందలి ప్రవాహము నిలిచిపోవచ్చును. ఎముకను కోయుటచేతను, దాని మూలుగను కదల్చుటచేతను గడ్డకట్టించు పదార్థములు రక్తమున కలియును. పిమ్మట నొప్పిచేతను, మత్తుచేతను రోగి మంచమున కదలక పడియుండును. అనగా ఏతము నిలిచిపోవును. పిక్క కండరములోని వెడల్పైన సిరలలోను, కవాటముల వెనుకనున్న గుంటలలోను రక్తము నిలువనీరువలె మసలుచుండును. మొదటి గడ్డ పుట్టుట సామాన్యముగా అచటనే.

ఇంగ్లండులో జాన్ చార్న్లీ 1962లో తుంటి మార్పిడిని నిలుకడగల పద్ధతికి తెచ్చెను. 1970ల దశకమున మోకాటి మార్పిడియు అట్లే స్థిరపడినది. ఆ తొలిదినములనుండియు వైద్యులను భయపెట్టుచు వచ్చినది ఈ గడ్డయే. ఏ నివారణోపాయమును చేయనిచో, ఈ శస్త్రచికిత్సలు జరిగినవారిలో నూటికి 40 నుండి 60 మంది సిరలలో గడ్డలుండుట, సిరలలోనికి రంగుమందెక్కించి తీసిన ఎక్స్-రే చిత్రములలో కనబడినది. భయపడవలదు. వానిలో చాలభాగము చిన్నవి. రోగికి తెలియకయే కరగిపోవును. కాని కొన్ని పెరిగి, మోకాటిని దాటి తొడసిరలోని కెక్కును. అచటినుండి తెగినచో గుండెద్వారమున ఊపిరితిత్తుల ధమనికి పోయి అడ్డుపడును. అపుడు ప్రాణాపాయము గడియలలో రావచ్చును.

బయటినుండి ఒత్తిడి

కండరము పిండకున్న బయటినుండి మనమే పిండవచ్చునుగదా యను ఆలోచనయే యాంత్రికచికిత్సకు మూలము. ఇందు మూడు విధములు గలవు.

మొదటిది బిగువు మేజోళ్ళు. అమెరికాలో స్థిరపడిన జర్మను ఇంజనీరు కాన్రాడ్ జాబ్స్ట్ తానే కాలిసిరల వ్యాధితో బాధపడువాడు. ఈతకొలనులో నిలుచున్నపుడు తన కాళ్ళకు హాయి కలుగుట ఆయన గమనించెను. నీటి ఒత్తిడి పాదముకడ హెచ్చుగాను, పైకి పోనుపోను తక్కువగాను ఉండుటయే దానికి కారణమని గ్రహించి, ఆ లెక్కననుసరించి మేజోళ్ళు కుట్టించెను. 1975లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి, మంచమున నున్న రోగికి చీలమండకడ 18 మిల్లీమీటర్లతో మొదలై తొడమీద 8కి తగ్గు ఒత్తిడి తగినదని తేల్చినది. ఇట్టి మేజోడు సిరను సన్నము చేయును. వెడల్పైన కాలువలో మందముగా సాగు నీరే సన్నని కాలువలో వడిగా పాఱును. సిరలోని రక్తమును అట్లే.

రెండవది గాలి తొడుగు. ఆసుపత్రులలో దీనిని డి.వి.టి. పంపు అని వ్యవహరింతురు. మా తల్లిగారికి చుట్టినది ఇదియే. రక్తపోటు చూచుటకు చేతికి చుట్టు పట్టీవంటిదే యిది. యంత్రము దానిలోనికి గాలి నెక్కించును. ఇంచుమించు 40 నుండి 50 మిల్లీమీటర్ల ఒత్తిడితో అది పిక్కను పది పండ్రెండు సెకనులు పట్టి, విడిచి, నిమిషమునకు కొంచెము తక్కువగా ఊరకుండును. కొన్నిటిలో అఱలుండి, చీలమండకడ మొదట, తరువాత పైన, ఆ తరువాత ఇంకను పైన వరుసగా బిగియును. పట్టుటవలన సిర ఖాళీయగును. విడుచుటవలన మరల నిండును. నిండనిదే పిండుటకేమియు లేదు. కావున ఊరకుండు కాలము యంత్రపు సోమరితనము కాదు, దాని పనిలోని సగమది. “పట్టి పట్టి ఇడుస్తా ఉంది” అని మా తల్లిగారు విసిగికొన్న మాటలోనే దాని శాస్త్రమంతయు ఇమిడియున్నది!

మూడవది పాదపు పంపు. అరికాలి సిరలు పాదము నేల నూనినపుడు ఖాళీయగునని గార్డ్‌నర్, ఫాక్స్ అను ఆంగ్లేయులు 1983లో ప్రకటించిరి. దాని ననుసరించి, అరికాలిని క్షణకాలము గట్టిగా అదిమి విడుచు యంత్రములు వచ్చినవి. ఇవి 130 మిల్లీమీటర్లవఱకును, ఒక్కొకప్పుడు అంతకు మించియు ఒత్తిడి కలిగించును. పిక్కను ముట్టకూడని స్థితిలో ఇవి ఉపకరించును.

ఈ పిండుటచేత తొడసిరలో రక్తవేగము ఒక్కసారిగా హెచ్చును. ఆ వడికి కవాటముల వెనుక నిలిచిన రక్తము కడిగివేయబడును. పిండినపుడు గడ్డలను కరగించు సహజశక్తియు రక్తమున కొంత హెచ్చునని పలువురు పరిశోధకు లందురు. ఆ మాటపై ఏకాభిప్రాయము కుదురలేదు. రక్తవేగము హెచ్చుట మాత్రము నిర్వివాదము.

మేలు ఎంత? హద్దు లెవ్వి?

యంత్రము చేయు మేలును ఎక్కువ చేసి చెప్పరాదు. పక్షవాతరోగులమీద బ్రిటనులో నడచిన పెద్ద పరిశోధనలు రెండు మనకు వివేకము నేర్పును. తొడదాక వచ్చు బిగువు మేజోళ్ళు వారికి గడ్డలను తగ్గింపలేదనియు, పైగా చర్మమునకు పుండ్లు చేసినవనియు 2009లో తేలినది. గాలి తొడుగులు మాత్రము గడ్డలను నూటికి 12.1 నుండి 8.5కు తగ్గించినవని 2013లో తేలినది. 2020లో బ్రిటనులోనే ప్రకటింపబడిన మఱియొక పరిశోధన, ముందుగా నిర్ణయించుకొని చేయించుకొను శస్త్రచికిత్సలలో హెపారిన్ జాతి మందు ఇచ్చుచున్నపుడు మేజోళ్ళను కూడ చేర్చుటవలన అదనపు లాభము కనబడలేదని చెప్పినది. కావుననే నేటి వైద్యులు అందఱికిని మేజోళ్ళు తొడుగరు.

కీలు మార్పిడి విషయమున సామాన్యముగా మందును యంత్రమును కలిపి వాడుదురు. మందు రక్తము గడ్డకట్టు గుణమును తగ్గించును. యంత్రము రక్తము నిలిచిపోవుటను తగ్గించును. ఇవి రెండు వేర్వేరు దారులు. మందువలన రక్తస్రావము కలుగు భయము కలదు. యంత్రమున కా భయము లేదు. కావున రక్తస్రావభయ మెక్కువగా గలవారికి యంత్రమే మొదటి ఆధారము. అమెరికా వక్షోవైద్యుల సంఘము 2012లో వెలువరించిన సూచనలలో, ఈ నివారణ కనీసము 10 నుండి 14 దినములును, వీలైన 35 దినములవఱకును సాగవలెనని యున్నది. గాలి తొడుగు వాడునపుడు దినమునకు 18 గంటలు అది కాలిమీద నుండునట్లు చూడవలెననియు అందే యున్నది. 18 గంటలనగా రాత్రి యంతయు అందు చేరినదే. బీరువాలోని గొడుగు వాన నాపనట్లే, బల్లమీది తొడుగు గడ్డ నాపదు.

అందఱికిని ఇది తగదు. కాలి ధమనులు మూసికొనిపోయినవారికిని, కాలిపై పుండ్లున్నవారికిని, గుండెజబ్బుచే కాళ్ళు మిక్కిలి వాచినవారికిని, మధుమేహముచే పాదములు స్పర్శజ్ఞానము కోల్పోయినవారికిని వైద్యుడు యోచించియే తొడిగించును. కాలిలో అదివఱకే గడ్డ యుండెనేని దానిని పిండరాదు. మా యింట ఆముదము రాచి పిసుకబోవుట ఎంత ప్రమాదమో నాకు పిదప తెలిసినది. శస్త్రచికిత్స పిమ్మట వాచి నొప్పి పెట్టు పిక్కను వైద్యుడు చూడనిదే మర్దనము చేయరాదు.

మంచము ప్రక్కనుండువారి పని

ఇప్పుడు అసలు చెప్పదలచిన మాటకు వచ్చుచున్నాను. మనము రెండు మూడు భాషల నడుమ బ్రదుకువారము. బజారులోను, బస్సులోను, కార్యాలయములోను ఇరుగుపొరుగు భాషతో మన పనులు గడుపుకొందుము. కాని డెబ్బదియేండ్ల తల్లి, మత్తు వదలీ వదలని రాత్రి, నొప్పితో నున్నపుడు, ఆమెకు చెవికెక్కు భాష ఒక్కటే. ఆమె తల యాడించినంత మాత్రమున ఆమెకు తెలిసినదని అనుకొనరాదు. పెద్దలు మర్యాదకొఱకు తల యాడింతురు. ఇందు ఆసుపత్రివారిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఆ నర్సు తనకు వచ్చిన రెండు భాషలలోను చెప్పినది. మూడవ భాషలో చెప్పవలసినవాడను నేను. నేను వరండాలో నిద్రించితిని.

కావున ప్రక్కనుండువారు ఈ క్రింది సంగతులు అడిగి తెలిసికొని, రోగికి తెలుగున విడమర్చి చెప్పవలెను.

తొడుగు ఎప్పుడు వేసికొనవలెను, ఎప్పుడు తీయవలెనని ముందే అడుగుడు. సామాన్యముగా పడుకొన్నపుడును కూర్చున్నపుడును ఉంచి, నడచుటకును స్నానమునకును తీసి, వెంటనే మరల వేయుదురు. గొట్టము తగిలియుండగా రోగి మంచము దిగరాదు. కాలికి చుట్టుకొని పడిపోవు ప్రమాదము కలదు. తొడుగు కాలికున్నను యంత్రము ఆగియుండవచ్చును. అది పట్టి విడుచుచున్నదో లేదో చేతితో ముట్టి చూడుడు. దినమున కొకసారియైన తొడుగు విప్పి, మడమయు పిక్కయు ఎఱ్ఱబాఱినవేమో, బొబ్బలు లేచినవేమో చూడుడు. మేజోడు తొడిగినచో దాని పైయంచు ముడుచుకొని జాఱకుండ చూడుడు. ముడుచుకొన్న అంచు త్రాడువలె బిగిసి, రక్తమును పైకి పంపుటకు మాఱుగా అడ్డగించును. చప్పుడుచే నిద్ర పట్టకున్న, తొడుగు బిగువుగా నున్న, నర్సును పిలువుడు. మీరే విప్పివేయకుడు.

రోగి చేయదగిన పనియు కలదు. మెలకువగా నున్నపుడు పాదమును ముందునకు వెనుకకు ఆడించుచుండవలెను. తుంటి మార్చుకొన్న రోగులు ఒక్క నిమిషము ఇట్లు పాదము నాడించినంతనే సిరలలో రక్తగమనము హెచ్చి, అరగంట పిమ్మటను ఆ హెచ్చు కొంత నిలిచియుండెనని 1997లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. వైద్యుడు అనుమతించినంతనే, నొప్పి యున్నను, సాయము పట్టుకొని లేచి నడువవలెను. మందులను చెప్పిన దినమువఱకు మానరాదు.

ఇంటికి వచ్చిన పిదప పిక్క వాచినను, వెచ్చబడి యెఱ్ఱబాఱినను, క్రొత్తగా నొప్పి పుట్టినను ఆనాడే వైద్యునికి చూపుడు. ఉన్నట్లుండి ఆయాసము, ఊపిరి తీయునపుడు రొమ్ములో పోటు, దగ్గులో రక్తము, స్పృహ తప్పుట, వీనిలో ఏది కనబడినను తెల్లవాఱునని వేచియుండక, 108కి చెప్పి ఆసుపత్రికి పోవలెను.

మంచమున నున్నవారికి ఈ నాలుగు మాటలు చెప్పిన చాలును: “అమ్మా, నువ్వు నడవలేని ఈ నాలుగు రోజులు నీ బదులు ఇది ఏతం తొక్కుతుంది. పట్టినప్పుడు రక్తాన్ని పైకి తోస్తుంది, విడిచినప్పుడు మళ్ళీ నిండనిస్తుంది. రాత్రి కూడా ఉండాలి. ఇబ్బందిగా ఉంటే నన్ను లేపు.”

యజమాని జబ్బుపడినపుడు ఏతము త్రొక్కుటకు పిలిచిన కూలివానివంటిది ఈ యంత్రము. పనిలో నున్నంతసేపే నీరు వచ్చును, పంపివేసిన ఆగును. ఎన్నటికైనను యజమానియే లేచి తన ఏతము తాను త్రొక్కుకొనవలెను. మా తల్లిగారు ఇపుడు ప్రతి సాయంకాలము మా వీథి చివఱి గుడివఱకు నడచి వచ్చుచున్నారు. మన సంఘమువారు పైని చెప్పిన సంగతులను పెద్ద అక్షరములలో ఒక్క పుట తెలుగు కాగితముగా అచ్చువేయించి, శస్త్రచికిత్సకు పోవు ప్రతి కుటుంబమునకును అందజేయుదురేని, అది భాషకును సేవ, ప్రాణమునకును సేవ. దానిని వ్రాసి, దిద్ది, పంచు పనికి నేను సిద్ధముగా నున్నాను.

స్వస్తి.